చినుకు లేని వాన

ప్రశ్న: మా బావగారు విజయవాడ ఏలూరు రోడ్డులో, పాత పుస్తకాల దుకాణంలో ఒక ఇంగ్లీషు క్యాలెండరు కొన్నారు. అందులో ఒక బొమ్మ ఉంది. రాళ్లు పరిచిన వెడల్పాటి వీధి, నల్లకోట్ల మగవాళ్లు, అందరి చేతుల్లోనూ గొడుగులు. కింద ‘పారిస్ వీధి, వాన రోజు’ అని ఉంది. భూతద్దం పెట్టి చూసినా ఒక్క చినుకు కనిపించలేదు. వాన ఎక్కడ మాస్టారూ? ఇది గీసినదెవరు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భూతద్దం పట్టుకున్నారంటే మీకు బొమ్మ చూడటం వచ్చునమ్మా. కాకపోతే మీరు గాలిలో వెతికారు. వాన నేల మీద ఉంది. ఆ రాళ్లను మళ్లీ చూడండి. ఒక్కొక్క రాయి నడుమ భాగం మెరుస్తోంది, సందుల్లో తడి నిలిచింది. మనుషుల కాళ్ల దగ్గర ఎండలో పడే పదునైన నీడ లేదు, తడినేలలో అలికినట్టున్న మసక ప్రతిబింబం ఉంది. నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్న పిల్లలు వానంటే స్కేలు పెట్టి ఏటవాలు గీతలు గీసేవారు. ఈయన ఒక్క గీతా గీయకుండా ఊరంతా తడిపాడు.

పేరు గుస్తావ్ కైబోట్. 1848లో పారిస్‌లోనే పుట్టాడు. తండ్రికి సైన్యానికి పరుపులూ దుప్పట్లూ సరఫరా చేసే వ్యాపారం, బోలెడంత ఆస్తి. కొడుకు లా చదివి బొమ్మల్లోకి వచ్చాడు. మీ క్యాలెండరు బొమ్మ 1877 నాటిది. ఆ ఏడాది ఇంప్రెషనిస్టులనే కొత్త తరహా చిత్రకారుల మూడో ప్రదర్శనను నిలబెట్టినవాడూ ఆయనే, అందులో ఈ బొమ్మ పెట్టినవాడూ ఆయనే. అసలు బొమ్మ ఏడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు. కుడివైపు ఒకే గొడుగు కింద వస్తున్న జంట దాదాపు నిలువెత్తున ఉంటారు. వాళ్లిద్దరూ పక్కకు చూస్తూ నడుస్తున్నారు. అంచున సగానికి తెగిపోయిన మనిషి వీపు ఉంది చూశారా? ఇంకో రెండడుగులు వేస్తే గొడుగూ గొడుగూ కొట్టుకుంటాయి. బీసెంట్ రోడ్డులో పండగ ముందు సాయంత్రం నడిచిన వాళ్లకు ఆ ఇరుకు చెప్పనక్కర్లేదు.

ఆ చోటు సెయింట్ లజార్ రైల్వే స్టేషనుకు దగ్గరలోని కూడలి. పాత సందులు కొట్టించి ఓస్మన్ అనే అధికారి వెడల్పాటి వీధులు వేయించాడే, ఆ కొత్త పేట. కైబోట్ పెరుగుతుండగానే అవన్నీ లేచాయి. అందుకే వెనకాల పరంజా కనిపిస్తుంది, నిచ్చెన మోసుకుపోయే పనివాడు కనిపిస్తాడు. నన్నడిగితే ఈ బొమ్మలో దొరసాని చెవిపోగు కంటే ఆ నిచ్చెనే ముఖ్యం.

పనివాళ్ల మీద ఆయనకు ముందునుంచీ చూపు ఉంది. చొక్కాలు విప్పి, మోకాళ్ల మీద వంగి చెక్కనేలను చిత్రిక పడుతున్న ముగ్గురిని 1875లో గీశాడు. ప్రభుత్వ ప్రదర్శన దాన్ని తిప్పి పంపింది. మరుసటేడు ఇంప్రెషనిస్టు స్నేహితుల ప్రదర్శనలో పెడితే, మరీ ఉన్నదున్నట్టు గీశాడని రచయిత జోలా విసుక్కున్నాడు. ఆ విసుగు నాకు నచ్చదు. నేల మీద లేచిన చెక్కపొట్టు చుట్టలు చూడండి, పని తెలిసినవాడి కన్ను అది.

డబ్బున్నవాడు కాబట్టి తన బొమ్మలు అమ్ముకోలేదు, స్నేహితులవి కొన్నాడు. వాళ్లలో ఒకడైన చిత్రకారుడు మోనేకు ఇంటద్దె కట్టాడు. 1894లో, నలభై అయిదేళ్లకే పోయాడు. మోనే, రెన్వార్, పిసారో, దెగా, సెజాన్‌ల బొమ్మలు అరవైకి పైగా దేశానికి రాసిచ్చి, ఆ పంపకంలో తనవి చేర్చలేదు. ప్రభుత్వం అవి కూడా అన్నీ పుచ్చుకోలేదు లెండి. అలా చాలాకాలం దాతగానే ఆయన పేరు వినిపించింది. మీ వాన బొమ్మను చికాగో మ్యూజియం కొన్నది 1964లో. కొన్నేళ్ల క్రితం పాత వార్నిష్ తీసి శుభ్రం చేస్తే ఆకాశం తేటపడింది. మీ క్యాలెండరులో ఆకాశం పసుపుపచ్చగా ఉంటే అది పాత అచ్చే.

ప్రశ్న: వీధి బొమ్మ గీస్తే దూరంగా ఉన్న మనుషులు గాలిలో తేలుతున్నట్టు వస్తున్నారు. ఏం చేయాలి సార్?
– ఒక విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పై ఉత్తరంలోని బొమ్మే సంపాదించి చూడు బాబూ. మధ్యలో దీపస్తంభం ఉంది. కంటి ఎత్తున ఒక అడ్డగీత ఊహించుకో. దగ్గరివాళ్లయినా, చివర చీమంత ఉన్నవాళ్లయినా తలలు ఇంచుమించు ఆ గీత దగ్గరే ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ పాదాలే పైకి జరుగుతాయి. నువ్వు తలలను కూడా ఇష్టం వచ్చినచోట పెడుతున్నట్టున్నావు. ముందు గీత గీసి తలలు పెట్టు, తరవాత కాళ్లు దించు. చిన్నపిల్లల తలలు గీత కిందికి వస్తాయి, అది సరే. అరుగు మీద కూర్చుని గీస్తే గీత నీ కంటితో పాటు దిగి, నిలబడ్డవాళ్ల ఛాతీ మీదుగా పోతుంది. అందుకని మొదట్లో నిలబడే గీయి. ఏలూరు రోడ్డు అయితే దుకాణం మెట్టెక్కి నిలబడకు, కాలిబాట మీదే నిలబడు. మోటారు సైకిళ్లు వదిలిన చోటు దొరికితే.