సిస్టర్ల బడి గురించి ఎవరి మాట వినాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కతోలిక సంస్థలు నడిపే ప్రాథమిక పాఠశాలల గురించినవే ఎక్కువ. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా పాపను వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాలి. మా ఊళ్లో సిస్టర్లు నడిపే కాన్వెంటు ఉంది. మా ఆడపడుచు తన పిల్లలిద్దరినీ అక్కడే చదివించింది. క్రమశిక్షణ అంటే అక్కడే నేర్చుకోవాలి, కళ్లు మూసుకుని చేర్పించమంటుంది. మా పక్కింటావిడ మాత్రం తన కొడుకును మూడో తరగతిలో మాన్పించింది. పిల్లలను నోరెత్తనివ్వరనీ, తల్లిదండ్రులను గేటు దాటి లోపలికి రానివ్వరనీ ఆమె ఫిర్యాదు. ఇప్పుడు అక్కడ రెండో తరగతి చదువుతున్న ఎదురింటి అమ్మాయిని అడిగితే ‘బాగుంటుంది ఆంటీ’ అని ఒక్క మాట అని ఆడుకోవడానికి పరుగెత్తింది. ఎవరి మాట నమ్మాలి?
ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారూ పక్కింటావిడా ఒకే సంగతిని చెరో వైపు నుంచి చెబుతున్నారు. ఉదయం ప్రార్థనకు వందలాది చిన్నపిల్లలు చప్పుడు లేకుండా బారులు తీరి నిలబడటం ఒకరికి ముచ్చటగా తోచింది, మరొకరికి మనసు బరువెక్కించింది. కాబట్టి ఎవరు నిజం చెబుతున్నారని తేల్చుకునే ప్రయత్నం మాని, ఎవరి మాట ఏ కాలానిదో విచారించండి. నేను కతోలికురాలిని కాను గాని, ఇరవై ఆరేళ్లు సిస్టర్ల బడిలో రెండో తరగతికి పాఠాలు చెప్పాను. తల్లిదండ్రుల మెప్పులూ నిష్ఠూరాలూ కావలసినన్ని విన్న అనుభవంతో ఇది రాస్తున్నాను.

మన ప్రాంతంలో కాన్వెంటుకు ఉన్న పేరు నిన్న మొన్నటిది కాదు. సెయింట్ ఆన్స్ అనే సన్యాసినుల సభ సిస్టర్లు ఇటలీ నుంచి 1871లో సికింద్రాబాదుకు, జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసఫ్) సభ సిస్టర్లు నెదర్లాండ్స్ నుంచి 1904లో గుంటూరుకు వచ్చారు. ఆడపిల్లను గడప దాటించడానికే జంకిన ఇళ్లవాళ్లు సిస్టర్ల దగ్గరికైతే ధైర్యంగా పంపారు. ఆ నమ్మకం అమ్మమ్మల నుంచి అమ్మలకు, వారి నుంచి మీ తరానికి వచ్చింది. అది ఊరికే వచ్చింది కాదు. కానీ సిస్టర్లకు కొన్నేళ్లకొకసారి బదిలీ ఉంటుందన్న సంగతి బయటివాళ్లు అంతగా పట్టించుకోరు. హెడ్మిస్ట్రెస్ మారితే గేటు దగ్గర వాచ్‌మన్ మాట తీరు మొదలుకొని బెత్తం బల్ల మీద ఉంటుందా, ఉండదా అన్నదాకా అన్నీ మారిపోవచ్చు. పైగా ఇప్పుడు చాలా చోట్ల తరగతి గదుల్లో పాఠం చెప్పేవారిలో ఎక్కువమంది మనలాంటి ఇళ్ల నుంచి వెళ్లే టీచర్లే. అందువల్ల మీ ఆడపడుచు పిల్లలు చదివినప్పుడు ఎవరు హెడ్మిస్ట్రెస్, పక్కింటి అబ్బాయి మానేసినప్పుడు ఎవరు, ఇప్పుడు ఎవరు అన్నది ముందు కనుక్కోండి. ఒకటో తరగతి టీచరు అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారో కూడా అడగండి. ఏటా టీచర్లు మారే బడి గురించి ఎంతమంది ఎంత మెచ్చుకున్నా నేను తొందరపడి నమ్మను.

తరగతిలో ఎంతమంది ఉన్నారో మీరే వెళ్లి లెక్క చూసుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో ముప్ఫై మందికి ఒక ఉపాధ్యాయుని నిష్పత్తిని చెప్పింది గాని, ఇలాంటి కాన్వెంటుల వంటి మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014 మేలో తీర్పు ఇచ్చింది. 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి ప్రధాన న్యాయమూర్తికి నివేదించినా, మీ పాప చేరే నాటికి అది తేలుతుందని ఆగవద్దు.

ఇక ఎదురింటి అమ్మాయి మాట. నా దృష్టిలో మీకు దొరికిన సాక్షుల్లో ఆమే అందరికంటే విలువైనది, అడిగిన తీరే సరిగా లేదు. ‘బడి ఎలా ఉంది’ అంటే ఏడేళ్ల పిల్ల ‘బాగుంది’ అనే అంటుంది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఎవరి పక్కన కూర్చుని క్యారేజీ విప్పుతావు, లెక్క తప్పయితే టీచరు ఏం చేస్తారు, పీరియడు మధ్యలో బాత్రూముకు పంపుతారా అని అడిగి చూడండి, ఆగకుండా చెబుతుంది.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలి. ఒక ఏడాది మా తరగతి తల్లిదండ్రులంతా సమావేశంలో చేతిరాత గురించీ ర్యాంకుల గురించీ గంటసేపు మాట్లాడారు. వాళ్ల పిల్లల్లో ఒక అమ్మాయి రోజూ నీళ్ల సీసాను నిండుగానే ఇంటికి తీసుకువెళ్లేది. తల్లి దాన్ని మొండితనం అనుకుని కోప్పడేది. నేను ఆ పిల్లను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగితే, బాత్రూము తలుపు గడియ ఊడిపోయిందనీ, పెద్ద తరగతుల పిల్లలు తోసుకుని వస్తారనీ, అందుకే నీళ్లు తాగడం మానేశాననీ నా చెవిలో చెప్పింది. గడియ మర్నాడే బిగించారు, సీసా ఆ వారంలోనే ఖాళీగా వెళ్లడం మొదలైంది. ఆ సంగతి మాకు మెచ్చుకున్నవారూ చెప్పలేదు, తిట్టినవారూ చెప్పలేదు. మీరూ రెండు రోజులు సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చే చిన్నపిల్లల నీళ్ల సీసాలు చూడండి.

ప్రశ్న: మేము హిందువులం. కాన్వెంటులో రెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఇంట్లో అన్నం తినే ముందు సిలువ గుర్తు వేసుకుంటున్నాడు. వాడికి బడి అంటే ప్రాణం. మా నాన్నగారు మాత్రం నొచ్చుకుంటున్నారు, బంధువులు ఏవేవో అంటున్నారు. బడిలో అడిగితే పిల్లవాణ్ణి చిన్నచూపు చూస్తారేమోనని భయంగా ఉంది.
ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అడగడానికి భయపడవద్దు, అది మీ హక్కు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనవలసిందిగా ఒత్తిడి చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజులో ఉంది. మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చిన 30వ అధికరణం దీన్ని రద్దు చేయదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కూడా ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దరాదనీ, ఉదయం సమావేశంలో రాజ్యాంగ పీఠిక చదివించాలనీ 2024 ఏప్రిల్‌లో తమ పాఠశాలలకు మార్గదర్శకాలు ఇచ్చింది. చాలా కాన్వెంటుల్లో కతోలిక పిల్లలు క్యాటికిజం (కతోలిక మతబోధ) తరగతికి వెళ్తే, మిగతావారికి ఆ పీరియడులో నీతిపాఠాలు చెబుతారు. మీ అబ్బాయి ఏ గదిలో కూర్చుంటున్నాడో హెడ్మిస్ట్రెస్‌ను మర్యాదగా అడగండి. చేర్పించేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితాన్ని కూడా మళ్లీ ఒకసారి చదవండి.

అయితే, ఏడేళ్లవాడు తనకు నచ్చిన టీచరు చేతి కదలికను అనుకరించడాన్ని మతమార్పిడిగా భావించి ఇంట్లో రభస చేయవద్దు. వాడికి బడి అంటే ప్రాణమని మీరే రాశారు. ఎందరో తల్లిదండ్రులు ఆ మాట అనగలిగే రోజు కోసం ఎదురు చూస్తున్నారు. తాతగారు అన్నం ముందు కూర్చుని తనకు అలవాటైన శ్లోకం మనవడితో చెప్పించుకుంటే వాడు అదీ నేర్చుకుంటాడు.

ప్రశ్న: మూడో తరగతి చదివే మా అమ్మాయి బడి మాకు అన్ని విధాలా నచ్చింది. కానీ ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె కడుపునొప్పి అంటుంది. తెలుగులో మాట్లాడితే అయిదు రూపాయలు ఫైన్ వేస్తున్నారని, రాసి ఉంచడానికి క్లాస్ లీడరుకు ఒక నోటుబుక్కు ఇచ్చారని నిన్న తెలిసింది. ఇంగ్లీషు రావాలంటే ఇది తప్పదంటున్నారు మావారు.
ఒక తల్లి, వరంగల్

జవాబు: ముందు పాపను డాక్టరుకు చూపించండి. ఏ జబ్బూ లేదని తేలితే ఆ కడుపునొప్పే బడి గురించి మీ అమ్మాయి అభిప్రాయం అనుకోండి, మీ అభిప్రాయం కంటే దానికే ఎక్కువ విలువ ఇవ్వండి. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన ఘటన చదివి రాష్ట్రమంతా బాధపడింది. తెలంగాణలో 2018 చట్టం ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఒక పీరియడులో నేర్పే భాషకు ఇంటర్వెల్‌లో జరిమానా వేస్తే పిల్లలకు ఏ భాషా రాదు, నోరు మూసుకోవడం మాత్రం వస్తుంది. ఇంగ్లీషు వినీ, చదివీ, తప్పులు మాట్లాడీ వస్తుందని మీవారికి చెప్పండి. నా తరగతిలో అలాగే వచ్చింది. ఇక తోటి పిల్లల చేత పిల్లల మాటలు రాయించడం జరిమానా కంటే పెద్ద తప్పు, స్నేహాలు దానితోనే చెడతాయి.

గేటు దగ్గర నిలబడి వాదించవద్దు. భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి హెడ్మిస్ట్రెస్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి. ఏ తేదీన ఎంత వసూలు చేశారు, నోటుబుక్కు ఎవరి దగ్గర ఉంది అన్నవి మాత్రమే రాసి, మాట్లాడటానికి సమయం అడగండి. అమ్మాయిని వెంట తీసుకువెళ్లవద్దు. చాలామంది సిస్టర్లకు తరగతి గదిలో జరిగేది పూర్తిగా తెలియదు, తెలిస్తే ఆపినవారిని చూశాను. నెల గడిచినా ఫైన్ ఆగకపోతే ఏడాది చివర టీసీ తీసుకోండి. ఉత్తరం మీరు ఇంగ్లీషులో రాసినా, మీ అమ్మాయి చెప్పిన మాటలను మాత్రం ఆమె చెప్పిన తెలుగులోనే రాయండి.