నిఫ్టీ లేచిన రోజు నా షేర్లు ఎందుకు లేవవు?

విజయనగరం నుంచి ఒకరు అడిగారు: "నిఫ్టీ 150 పాయింట్లు పెరిగిందంటారు, నా డాక్టర్ రెడ్డీస్, అరబిందో షేర్లు కదలవు. సూచీని నమ్మొచ్చా?"

ముందు పాయింట్లు చూడ్డం మానండి. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల కదలికను ఒక్క అంకెలో చూపే సూచీ. 50 కంపెనీలున్నా అన్నిటి బరువూ ఒకటి కాదు. ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమానుల చేతిలోవి తీసేసి, మార్కెట్లో చేతులు మారే షేర్ల విలువను బట్టి వాటా వస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ వాటా 12 శాతం అనుకోండి. అది 2 శాతం పెరిగితే నిఫ్టీ 0.24 శాతం లేస్తుంది, అంటే 25,000 దగ్గర 60 పాయింట్లు. మన పైడిభీమవరంలో ఫ్యాక్టరీ ఉన్న డాక్టర్ రెడ్డీస్ వాటా ఒక శాతం కూడా లేదు. 0.7 వేసుకున్నా, ఆ షేరు 5 శాతం ఎగిరిన రోజు సూచీకి అందేది 9 పాయింట్ల లోపే. అరబిందో 2018 ఏప్రిల్లోనే నిఫ్టీ 50 నుంచి బయటికెళ్లింది. అందుకే బరువైన కంపెనీలు పెరిగితే చాలు, మీవి కదలకపోయినా నిఫ్టీ లేస్తుంది. మందుల షేర్లను మందుల కంపెనీల సూచీ నిఫ్టీ ఫార్మాతో పోల్చండి.

సూచీలో ఉంటే మంచి కంపెనీ అనీ అనుకోవద్దు. 2009 జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం లెక్కలు దొంగవని దాని ఛైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్నప్పుడు ఆ షేరు ఒక్కరోజులో నాలుగింట మూడొంతులకు పైగా పోయింది. అప్పటికది సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉంది. తర్వాత తీసేశారు గానీ, పడ్డాకే తీశారు, ఆ నష్టం సూచీలో కలిసిపోయింది. సూచీ మొత్తం పట్టుకున్నవాళ్లకి దెబ్బ చిన్నది. మనోళ్ల కంపెనీ అని అదొక్కటే పట్టుకున్నవాళ్లు మునిగిపోయారు. ఈ అభిమానం మనకింకా తగ్గలేదు, అదే నా బాధ.

ఇంకో బాధ: కొత్త మ్యూచువల్ ఫండ్ యూనిట్ (ఫండ్‌లో ఒక వాటా) 10 రూపాయలే, చవక అని అంటగట్టే ఏజెంట్లు. 10 రూపాయల యూనిట్టయినా 200 రూపాయల యూనిట్టయినా లోపలున్నవి అవే 50 షేర్లయితే పెరిగే శాతం ఒకటే.

సూచీనే కొనాలనుకుంటే ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని షేర్లనే అదే వాటాల్లో కొనే ఫండ్) డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేనిది), గ్రోత్ (లాభం మధ్యలో పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) తీసుకోండి. ఏడాది ఖర్చు 0.2 శాతం చుట్టుపక్కల ఉంటే చాలు. దాని రాబడిని టీవీలో కనిపించే నిఫ్టీతో కాదు, డివిడెండ్లు (కంపెనీలు పంచే లాభం) కలిపిన టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తో పోల్చండి. మామూలు నిఫ్టీతో పోలిస్తే ఏడాదికి ఒక శాతం పైచిలుకు డివిడెండ్ లెక్కలోకి రాదు, నాసి ఫండ్ కూడా గెలిచినట్టు కనిపిస్తుంది. ఈటీఎఫ్ (షేరులాగే మార్కెట్లో కొని అమ్మే ఫండ్) అయితే మార్కెట్ ఆర్డర్, అంటే ఎంత ధరకి దొరికితే అంతకి కొనే ఆర్డర్ పెట్టొద్దు. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువున్న ఈటీఎఫ్‌లో అసలు విలువ కంటే 1, 2 శాతం ఎక్కువ పెట్టేస్తారు. ఫండ్ సంస్థ సైట్‌లో ఆ నిమిషం ఎన్ఏవీ (ఒక యూనిట్ అసలు విలువ) చూసి, అదే ధరకి లిమిట్ ఆర్డర్ (మీరు చెప్పిన ధర దాటి కొననిది) పెట్టండి.