55 అంగుళాల ఓలెడ్ టీవీ కోసం వాయిదాలు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా పాత టీవీ పాడైంది. కొత్తదాని కోసం దాచిన డబ్బుతో 55 అంగుళాల మామూలు 4కే ఎల్ఈడీ వస్తుంది. అదే సైజు ఓలెడ్ కావాలంటే ధరలో 60 శాతమే మా దగ్గరుంది, మిగతాది 18 నెలల వాయిదాల్లో కట్టాలి. షాపులో వడ్డీ లేదంటున్నారు. సోఫాకీ టీవీకీ మధ్య ఎనిమిది అడుగులు ఉంటుంది. పగలు హాల్లోకి బాగా వెలుతురు వస్తుంది. పొద్దున్నుంచీ న్యూస్ చానల్ నడుస్తూనే ఉంటుంది. రాత్రిళ్లు సినిమాలు, ఆటలు చూస్తాం. ఏది కొనమంటారు?

జవాబు: వాయిదాలు వద్దు. దాచిన డబ్బుతో వచ్చే ఎల్ఈడీనే తీసుకోండి. ఓలెడ్ మీ ఇంటికి ఎందుకు నప్పదో మీ ప్రశ్నలోనే ఉంది: వెలుతురు, న్యూస్ చానల్.

ఓలెడ్‌లో ఒక్కో పిక్సెల్, అంటే తెరలోని ఒక్కో చిన్న చుక్క, దానంతటదే వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే చీకటి సీన్లలో నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. లైట్లార్పేసి సినిమా చూసేవాళ్లు డబ్బుంటే తప్పకుండా కొనుక్కోవాల్సిన టీవీ అది. కానీ కిటికీ వెలుతురు తెర మీద పడుతుంటే ఆ తేడా చాలావరకు తెలియదు. పైగా చానల్ లోగో, కింద స్క్రోలింగ్ రోజూ గంటల తరబడి ఒకే చోట ఉంటే అక్కడి పిక్సెళ్లు మిగతావాటికంటే ముందే అరిగిపోయి మచ్చ పడే ప్రమాదం ఉంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. దీన్ని వారంటీలో చేర్చని కంపెనీలు కూడా ఉన్నాయి.

ఇక వడ్డీ లేని వాయిదాల సంగతి. రొక్కం ఇస్తే ఎంతకిస్తారో ముందు అడగండి. 100 రాసి ఉన్నది 95కి ఇస్తామంటే లెక్క ఇలా ఉంటుంది: మీ దగ్గర 60 ఉంది, నిజంగా తక్కువైంది 35. వాయిదాల్లో కట్టేది 40. ఆ ఐదూ వడ్డీ కాక మరేమిటి? అంటే అప్పులో ఏడో వంతు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. ఇంకా ముఖ్యమైనది, దాచినదంతా టీవీకే పోయాక ఆ 18 నెలల్లో ఏదైనా అనుకోని ఖర్చొస్తే మళ్లీ అప్పే చేయాలి. టీవీ కోసం ఆ టెన్షన్ మీకు వద్దు.

క్యూఎల్ఈడీ అన్న పేరు చూసి అది ఓలెడ్ లాంటిదే అనుకోకండి. మామూలు ఎల్ఈడీ టీవీ లాగే అది కూడా తెర వెనక లైటు (బ్యాక్‌లైట్) ఉన్న ఎల్‌సీడీయే. రంగులు బాగా రావడానికి క్వాంటమ్ డాట్ పొర ఒకటి అదనంగా ఉంటుంది, అంతే. బడ్జెట్‌లో ఇంకొంచెం మిగిలితే ఆ పేరు కోసం కాకుండా ఎక్కువ బ్రైట్‌నెస్ కోసం, ఫుల్ అరే లోకల్ డిమ్మింగ్ (తెర వెనక లైట్లను భాగాలుగా విడివిడిగా తగ్గించే ఏర్పాటు) కోసం పెట్టండి. మీ హాలుకి పనికొచ్చేవి ఆ రెండే. బ్రైట్‌నెస్ తక్కువున్న టీవీ మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపించే పద్ధతి) స్టిక్కర్ ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు.

రిజల్యూషన్ గురించి చాలామంది అనవసరంగా ఎక్కువ ఆలోచిస్తారు. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే, 4కేలో దానికి సరిగ్గా నాలుగు రెట్లు ఉంటాయి. అయితే మామూలు కంటిచూపుకి 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లు ఏడు అడుగులు దాటితే విడివిడిగా కనిపించవు. మీరు కూర్చునేది ఎనిమిది అడుగుల్లో. ఈ సైజులో ఇప్పుడు వచ్చేవి దాదాపు అన్నీ 4కేనే కాబట్టి టీవీ ధరలో దానికోసం మీరు విడిగా పెట్టేదేమీ ఉండదు. 8కే వైపు చూడొద్దు. జాగ్రత్త పడాల్సింది ఓటీటీలకు నెలనెలా కట్టే 4కే ప్లాన్ విషయంలో. ఒక్క నెల తీసుకుని, ఒకే సినిమాను 4కేలో ఒకసారి, ఫుల్ హెచ్‌డీలో ఒకసారి పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించండి. తేడా ఎవరూ పట్టుకోలేకపోతే కింది ప్లాన్ చాలు. ఐదారేళ్లపాటు నెలనెలా మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు.

సైజు 55 సరిపోతుంది. 43తో పోలిస్తే తెర వైశాల్యం 64 శాతం ఎక్కువ. కొనే ముందు గోడ మీద 48 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తున పాత పేపర్లు అంటించి రెండు రోజులు ఉంచి చూడండి. టేబుల్ మీద పెట్టేటట్టయితే టీవీ కాళ్ల మధ్య దూరం కూడా కొలుచుకోండి.

షాపులో అన్ని టీవీలూ వివిడ్ మోడ్‌లో ధగధగలాడుతుంటాయి. స్టాండర్డ్ లేదా మూవీ మోడ్‌కి మార్చమనండి. వాళ్ల డెమో వీడియో ఆపించి, మీరు రోజూ చూసే న్యూస్ చానల్ పెట్టించండి. ఎనిమిది అడుగుల దూరం నుంచి ఒకసారి, సోఫా చివర కూర్చున్నట్టు పక్క నుంచి ఒకసారి చూడండి. పక్క నుంచి రంగులు వెలిసిపోతుంటే ఆ ప్యానెల్ (టీవీ తెర) నలుగురు కూర్చునే హాలుకి పనికిరాదు. చివరగా టీవీ ఆపేసి, తెరలో ఎదురుగా ఉన్న లైట్లు ఎంత స్పష్టంగా కనబడుతున్నాయో గమనించండి. మీ కిటికీ కూడా రేపు అందులో అలాగే కనిపిస్తుంది.

బడ్జెట్‌లో పదో వంతు సౌండ్‌బార్‌కి పక్కన పెట్టండి, సన్నటి టీవీల్లో స్పీకర్లు మాటల్ని సరిగ్గా వినిపించవు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడితే, అందులో ప్యానెల్ ఉందో లేదో కాగితం మీద చూపించమనండి. లేకపోతే తీసుకోవద్దు.