పాఠకుల ప్రశ్నలు: దళం ప్రాణం అడవిలో లేదు

ప్రశ్న: 2015లో సూర్యాపేట బస్టాండులో పోలీసుల మీద కాల్పులు జరిపినవాళ్లనీ, నల్లమలలో ఏళ్లతరబడి తిరిగిన నక్సలైట్ దళాలనీ తీవ్రవాదులనే అంటాం. యుద్ధతంత్ర శాస్త్రం ఇద్దరినీ ఒకే గాటన కడుతుందా?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: కట్టదు. వీళ్లకు కావలసిందేమిటి, ఎంచుకున్న దారేమిటి, చేతిలో ఉన్న బలమెంత అని మూడు సంగతులు అడుగుతుంది. సూర్యాపేటలో కాల్చినవాళ్లు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి పారిపోయిన సిమీ అనే నిషేధిత సంస్థ మనుషులు. ఇక్కడ వాళ్లకు పునాది లేదు. తనిఖీలో దొరకబోయి కాల్చారు. ఏప్రిల్ 4న మోత్కూరు వైపు జానకీపురంలో ఎదురుకాల్పుల్లో చనిపోయారు.

జనంలో వేళ్లు లేని ఇలాంటి ముఠాలు మూడు మెట్లు అనుకుంటాయి. భయం పుట్టించాలి. ప్రభుత్వం తొందరపడి అమాయకుల మీద పడాలి. దెబ్బతిన్నవాళ్లు తమ వైపు రావాలి. ఇందులో రెండో మెట్టు వాళ్ల చేతిలో లేదు, మన చేతిలో ఉంది. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన హైదరాబాద్ యువకుల మీద కేసులు కోర్టులో నిలవలేదు. అలాంటి ప్రతి అరెస్టూ పేలుడు పెట్టినవాడికి మేలు చేసినట్టే. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ప్రశ్న: నల్లమలలో అన్నేళ్లు నిలిచిన దళాలు 2005 తర్వాత అంత త్వరగా చెదిరిపోవడానికి గ్రేహౌండ్సే కారణమా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అచ్చంపేట

జవాబు: నక్సలైట్ల వేటకు పోలీసుల ప్రత్యేక బలగంగా గ్రేహౌండ్స్ ఏర్పడింది 1989లో. అదొక్కటే కారణమైతే పదిహేనేళ్లు పట్టేది కాదు.

దీర్ఘకాలిక యుద్ధానికి 1938లో మావో మూడు దశలు చెప్పాడు: ఆత్మరక్షణ, ప్రతిష్టంభన, ఎదురుదాడి. నల్లమల దళాలు మొదటి దశ దాటలేదు. ఆ దశలో గెలుపుతో పనిలేదు, బతికి ఉంటే చాలు. అమ్రాబాద్ గుట్టలు అందుకు అనువైనవి. ఇటు కూంబింగ్ (పోలీసుల గాలింపు) మొదలైతే కృష్ణ దాటి కర్నూలు, ప్రకాశం అడవుల్లోకి వెళ్లొచ్చు. జిల్లా మారితే ఎస్పీ మారతాడు, పోలీసుల సమాచారం అక్కడ తెగిపోతుంది.

కానీ అడవి దళానికి తిండి పెట్టదు. పెంటల్లో (అడవిలోని చెంచుగూడేల్లో) చెంచులకే చాలీచాలని బతుకు. బియ్యం, పప్పు, మందులు, బ్యాటరీలు అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ వైపు అంచు ఊళ్ల నుంచి కొరియర్లు మోయాల్సిందే. దళం ప్రాణం ఆ ఊళ్లలో ఉంది. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి చంపిన ప్రతిసారీ ఆ ఊళ్లలో ఇంకో నాలుగు తలుపులు మూసుకున్నాయి.

2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం మావోయిస్టు నాయకులు బయటికొచ్చారు, బహిరంగ సభలు జరిగాయి. ఎవరు అన్నం పెట్టారో, ఎవరు వెంట నడిచారో అందరికీ కనబడింది. 2005 జనవరిలో చర్చలు తెగేసరికి రహస్యంగా ఉండాల్సిన గొలుసు బట్టబయలైంది. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, మరికొందరిని కాల్చి చంపారు. రెండు రోజులకే మావోయిస్టు పార్టీ మీద నిషేధం మళ్లీ వచ్చింది. దళాలకు సాకుగా చూపడానికైనా రాజకీయం మిగల్లేదు. 2006 జులైలో ఆ పార్టీ రాష్ట్ర కార్యదర్శి మాధవ్ నల్లమలలోనే చనిపోయాడు.

పోలీసుల పద్ధతీ మారింది. 1993లో సోమశిల దగ్గర మందుపాతరకు ఎస్పీ పరదేశినాయుడు బలయ్యారు. వాహనాల్లో అడవికి వెళ్తే జరిగేది అదే. చిన్న జట్లుగా, కాలినడకన వెళ్లడం నేర్చుకున్నాకే బలగాలకు నష్టం తగ్గింది.

ఫ్రెంచి అధికారి గలూలా తిరుగుబాటును అణచడానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. పెద్ద దళాలను తరిమేయడం అందులో మొదటిది మాత్రమే. తర్వాతివి ఊళ్లలో నిలవడం, జనాన్ని కాపాడటం, స్థానిక ఎన్నికలు జరపడం. మన దగ్గర ఎక్కువగా మొదటి మెట్టు గురించే మాట్లాడుకుంటాం.

ప్రశ్న: యుద్ధం రాజకీయానికి కొనసాగింపన్న జర్మన్ యుద్ధతంత్రవేత్త క్లాజ్‌విట్జ్ మాట సొంత ప్రజల తిరుగుబాటుకు వర్తిస్తుందా?
– ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: మీ జిల్లాయే రుజువండీ. 1946లో అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్యతో రగిలిన తెలంగాణ రైతాంగ పోరు భారత సైన్యం వచ్చిన 1948లో ఆగలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరు విరమించింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. భూమి కోసం తుపాకీ పట్టిన జనానికి బ్యాలెట్ దారి దొరికింది. సైన్యం ఒత్తిడి లేకపోతే విరమణ జరిగేదా అంటే అదీ అనుమానమే. రెండూ కలిసే పనిచేశాయి.