ఫోర్ హెచ్ ఎప్పుడు, ఫోర్ ఎల్ ఎప్పుడు?

వానాకాలంలో హైవే మీద కూడా ఫోర్ హెచ్‌లోనే (నాలుగు చక్రాలూ లాగే, మామూలు వేగపు సెట్టింగు) ఉంచితే పట్టు బాగుంటుంది కదా అని అడిగారు. వద్దండీ. మీ ఇసుజు వి-క్రాస్ పికప్‌లో ఉన్నది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే అవసరమైనప్పుడే వేసుకునేది. ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు, ఫోర్ హెచ్ వేస్తే ముందుకీ వెనక్కీ పోయే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద అలా జారదు కాబట్టి ఆ బిగుతంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే గేర్ల పెట్టె) మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కి, మలుపులో టైర్లు ఎగిరెగిరి పడుతుంటే అదే సంగతి. బండి మన శ్రీసిటీలోనే తయారైనా, ట్రాన్స్‌ఫర్ కేసు విప్పితే వచ్చే బిల్లు అంత దగ్గరగా ఉండదు! పైగా ఫోర్ వీల్ డ్రైవ్ లాగడానికే గానీ బ్రేకుకి సాయం చేయదు.

మాది నంద్యాల వైపు నల్లరేగడి. మా దగ్గర చక్రం దిగబడ్డాక ఫోర్ వీల్ నాబ్ తిప్పేవాళ్లే ఎక్కువ. వాన పడ్డ మర్నాడు పొలం బాటలో రేగడి టైరు గాడుల్లో నిండిపోయి, టైరు అప్పడాల కర్రలా నున్నగా అవుతుంది. అప్పుడు నాలుగు చక్రాలు తిరిగినా ఒకటే. అందుకని గట్టి నేల మీద ఉండగానే స్టీరింగ్ తిన్నగా పెట్టి, యాక్సిలరేటర్ వదిలి ఫోర్ హెచ్ వేస్తాను. బండి ఆపక్కర్లేదు. తర్వాత రెండో గేరులో, రేజ్ చేయకుండా, మధ్యలో ఆగకుండా పోవడమే.

ఫోర్ ఎల్‌కి (నాలుగు చక్రాలూ లాగే, తక్కువ వేగపు సెట్టింగు) మాత్రం బండి పూర్తిగా ఆపాలి. మీది మాన్యువల్ అన్నారు కాబట్టి క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో నాబ్ తిప్పి, మీటర్లో లైటు మినుకుమనడం ఆగేదాకా కదలకండి. లాగే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది, వేగం అంతే తగ్గుతుంది. నేను వాడేది లోడుతో వంక గట్టు ఎక్కేటప్పుడు, దిగబడ్డ ట్రాలీని లాగేటప్పుడు. నిటారు దిగుడులో కూడా మొదటి గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు తీసేస్తే ఇంజినే బండిని పట్టుకుంటుంది.

సముద్రపు ఇసుకలోకి వెళ్తే ఫోర్ హెచ్‌తో పాటు టైర్ల గాలి ఇరవై పాయింట్ల దాకా తగ్గించండి, తారెక్కే ముందు మళ్లీ కొట్టించుకోండి.

టూ హెచ్‌కి (వెనక రెండు చక్రాలే లాగే మామూలు సెట్టింగు) తిప్పినా లైటు మినుకుమంటూనే ఉంటే కంగారు పడి మెకానిక్ దగ్గరికి పోకండి. షాఫ్టుల్లో బిగుతు వదల్లేదని అర్థం. తిన్నగా నాలుగైదు మీటర్లు రివర్స్ పోతే చాలాసార్లు ఆరిపోతుంది.