కొలంబో నుంచి క్యాండీ: పెద్దవాళ్ళతో ఒక్కరోజులో, ప్రైవేట్ కారులో వెళ్ళి రావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కావలి నుంచి అమ్మానాన్నల్ని తీసుకుని శ్రీలంక వెళ్తున్నారు. మకాం కొలంబోలో. మధ్యలో ఒక రోజు క్యాండీ చూసి రావాలి. టూర్ వాళ్ళ బస్సులో పోవాలా, సొంతంగా కారు మాట్లాడుకోవాలా? పెద్దవాళ్ళకి కష్టమవుతుందా? అమ్మగారు శాకాహారి, తిండి సంగతేంటి?

మాది నెల్లూరు. మా నాన్నని, పెద్దమ్మని వెంటబెట్టుకుని మేము ఇదే పని చేశాం కాబట్టి చెప్తున్నా. కారే మాట్లాడుకోండి. ఒక్కరోజులో అవుతుంది, కాకపోతే క్యాండీ ఒక్కటే అనుకుంటేనే. దారిలో ఏనుగులు, టీ ఫ్యాక్టరీ, ఇంకా పైన కొండల్లో ఉన్న నువర ఎలియ ఊరు కూడా కలిపేద్దాం అంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది. సాయంత్రానికి నడుం నొప్పులు తప్ప ఏమీ గుర్తుండదు.

కొలంబో నుంచి క్యాండీకి దాదాపు 115 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి మద్రాసు అంత కూడా లేదు, రెండు గంటల్లో పోమా అనిపిస్తుంది. మన హైవే లెక్క అక్కడ పనికిరాదు. ఏ1 రోడ్డు ఊళ్ళ మధ్య నుంచే పోతుంది, బస్సులూ ఆటోలూ అడుగడుగునా అడ్డం. చివర్లో కడుగన్నావ ఘాట్. మూడు గంటలు ఖాయం, మూడున్నర అనుకుంటే టెన్షన్ ఉండదు. మీ హోటల్ కొలంబోలో కాకుండా ఎయిర్‌పోర్ట్ దగ్గర నెగొంబోలో అయితే డ్రైవర్‌ని మీరిగమ, కురునెగల మీదుగా అడగండి. అక్కడ 2022లో తెరిచిన ఎక్స్‌ప్రెస్‌వే ముక్క ఒకటుంది, టోల్ కట్టినా పెద్దవాళ్ళకి కుదుపులు తగ్గుతాయి.

పొద్దున్నే ఐదింటికల్లా బయలుదేరండి. ఎందుకంటే క్యాండీలో అసలు చూడాల్సింది దళద మాళిగావ, అంటే బుద్ధుడి దంతం ఉన్న గుడి. అక్కడ రోజుకి మూడు పూజలు: తెల్లవారుజామున ఐదున్నరకి, ఉదయం తొమ్మిదిన్నరకి, సాయంత్రం ఆరున్నరకి. పై అంతస్తులో దంతం ఉన్న గది తలుపు తెరిచేది ఆ వేళల్లోనే. మిగతా టైమ్‌లో వెళ్తే మూసిన తలుపుకి దండం పెట్టుకుని రావాలి. టూర్ బస్సులతో నా గొడవంతా ఇదే. వాళ్ళ మెనూలో గుడి ఉంటుంది, పూజ ఉండదు. దారిలో ఏ దుకాణం దగ్గర ఎంతసేపు ఆగాలన్నది వాళ్ళిష్టం, మనం గుడికి చేరేసరికి ఏ పన్నెండో అవుతుంది.

కారులో వెళ్ళినా అదే జరగొచ్చు, జాగ్రత్త. మేము హోటల్ వాళ్ళ ద్వారా కారు పెట్టుకున్నాం. పిక్‌మీ అని అక్కడి టాక్సీ యాప్‌లో కూడా దొరుకుతాయి. మాట్లాడేటప్పుడు వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచుకోండి: మొత్తం రేటు శ్రీలంక రూపాయల్లో ఎంత, ఎన్ని కిలోమీటర్ల దాకా, దాటితే కిలోమీటరుకి ఎంత, పెట్రోలు, టోల్, పార్కింగ్, డ్రైవర్ భోజనం అందులోనే ఉన్నాయా. చివర్లో ఇంకో వాక్యం తప్పకుండా: "స్పైస్ గార్డెన్, రత్నాల షాపు, బాతిక్ షాపు వద్దు." మావనెల్ల చుట్టుపక్కల రోడ్డు పొడుగునా స్పైస్ గార్డెన్లే. లోపల ఒకతను చెట్లన్నీ చూపించి, మోకాళ్ళకి ఏదో నూనె రాసి, చివర్లో కొట్లోకి తీసుకెళ్తాడు. డ్రైవర్‌కి కమీషన్ ఉంటుంది. మా డ్రైవర్ ఒక తోట ముందు బండి స్లో చేసి "ఫ్రీ మేడమ్, జస్ట్ లుక్" అన్నాడు. మా పెద్దమ్మ పుట్టిల్లు తడ వైపు, అరవం గడగడా మాట్లాడుద్ది. "మా ఇంట్లో లేని మిరియాలా నాయనా, ముందు గుడికి పోనీ" అంది తమిళంలో. ఆయనకి తమిళం వచ్చు, నవ్వేసి పోనిచ్చాడు. అన్నట్టు మీ ఇంట్లో ఎవరికైనా తమిళం వస్తే అక్కడ చాలా ఉపయోగం.

పిన్నవల ఏనుగుల శరణాలయం (1975లో పెట్టారు) దారికి కాస్త పక్కగా ఉంటుంది, అందరూ కలుపుకోమంటారు. చిన్నపిల్లలుంటే సరే. మీరంతా పెద్దవాళ్ళే కాబట్టి వదిలేయమంటాను.

ఇక గుడి. 1998 జనవరిలో ఎల్‌టీటీఈ వాళ్ళు లారీ బాంబు పేల్చాక గుడి ముందు రోడ్డు వాహనాలకి మూసేశారు. కారు దూరంగా ఆపి నడవాల్సిందే, తనిఖీ కూడా ఉంటుంది. నాన్నగారికి నడక కష్టమైతే దగ్గర గేటు ఏదో డ్రైవర్‌ని ముందే అడగండి. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి. పాస్‌పోర్టులు చేతిలో ఉంచుకోండి, సార్క్ దేశాల వాళ్ళకి టికెట్ రేటు తక్కువ. పై అంతస్తుకి మెట్లెక్కాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు, ఎవరో ఒకరు వచ్చి ఆపుతారు.

గేటు దగ్గర పూలమ్మేవాళ్ళు నల్లకలువల రేకులు ఒక్కొక్కటే వెనక్కి మడిచి, విచ్చుకున్నట్టు చేసి ఆకులో పెట్టి ఇస్తారు. వాసన చూడకూడదట, మనలాగే. కింది అంతస్తులో డప్పులూ సన్నాయీ మొదలయ్యాయంటే పైన లైన్ కదులుతుందని అర్థం. తెల్లబట్టల్లో ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు, చంకలో పసిపిల్లలు, ఎవరూ తోసుకోరు. గది ముందుకి వచ్చాక కనిపించేది స్తూపం ఆకారంలో ఉన్న బంగారు కరండం, అంటే భరిణె. దంతం కనిపించదు, ఒకదానిలో ఒకటిగా ఏడు భరిణెల లోపల ఉంటుంది. నిలబడనిచ్చేది కొద్ది క్షణాలే. తిరుమలలో 'జరగండి, జరగండి' విన్నవాళ్ళకి అదేం కొత్త కాదు. పూలు మాత్రం పక్కనున్న పొడుగు బల్ల మీద మన చేత్తో మనమే పెట్టొచ్చు. మా పెద్దమ్మకి అన్నిటికంటే అది నచ్చింది.

ఆ దంతం నాలుగో శతాబ్దంలో కళింగ దేశపు దంతపురం నుంచి వెళ్ళిందంటారు. హేమమాల అనే రాకుమారి జుట్టులో దాచుకుని ఓడెక్కిందని కథ. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లా దంతవరపుకోటే అని కొందరు చరిత్రకారుల మాట. ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న స్తూపం చూశారా? ఇక్కడ ఇటుకలు మిగిలాయి, అక్కడ రోజుకి మూడు పూజలు జరుగుతున్నాయి.

దర్శనం కాగానే చాలామంది వెనక్కి తిరిగేస్తారు. నన్నడిగితే మనవాళ్ళు నిలబడి చూడాల్సింది ఆ పక్కనే ఉంది. క్యాండీని చివరగా ఏలింది నాయకర్ వంశం. 1739లో నరేంద్రసింహ రాజు వారసుడు లేకుండా పోతే, మధుర నుంచి వచ్చిన పట్టపురాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహ పేరుతో గద్దెనెక్కాడు. 1815 దాకా వరసగా నలుగురూ ఆ వంశం వాళ్ళే. మధుర నాయకుల బంధువర్గం, మూలాలు తెలుగువి. వాళ్ళలో రెండోవాడు కీర్తిశ్రీ రాజసింహ పుట్టుకతో హిందువు, అయినా లంకలో సన్యాస దీక్ష ఇచ్చే భిక్షువులే కరువైతే 1753లో సయాం దేశం నుంచి భిక్షువుల్ని రప్పించాడు. ఇప్పుడు జులై, ఆగస్టుల్లో జరిగే ఎసల పెరహర అనే ఊరేగింపు పండుగలో ఏనుగు మీద దంతం భరిణె ఊరేగే పద్ధతి పెట్టింది కూడా ఆయనే.

చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ. గుడికి ముందున్న ఎనిమిది పలకల మండపం, ఎదురుగా ఉన్న చెరువు ఈయన కట్టించినవే. చెరువు తవ్వించింది 1807లో. చుట్టూ అలల్లాంటి తెల్లగోడ ఉంటుంది, చూడండి, పూర్తికాకుండానే ఆగిపోయింది. సొంత సామంతులే ఎదురుతిరిగి ఇంగ్లీషువాళ్ళతో చేతులు కలిపారు. పోర్చుగీసువాళ్ళకీ డచ్చివాళ్ళకీ లొంగని కొండ రాజ్యం 1815 మార్చి 2న ఒక ఒప్పందం కాగితంతో పోయింది. ఆ కాగితం చదివిన కొలువు మండపం, మగుల్ మడువ, గుడి పక్కనే ఉంది. చెక్కడపు కొయ్య స్తంభాలు, పెంకుల కప్పు, గోడలుండవు. నిక్షేపంగా లోపల తిరగొచ్చు.

రాజుని ఎక్కడికి పంపారనుకున్నారు? వేలూరు కోటకి. వేలూరు అంటే మన జిల్లావాళ్ళకి సీఎంసీ ఆసుపత్రి, రిపోర్టులు, లాడ్జి. మా నాన్నని చెకప్‌కి ఎన్నిసార్లు తీసుకెళ్ళామో, ఆ కోట గోడ పక్కనే టీ తాగాం కూడా. అందులో ఒక లంక రాజు పదహారేళ్ళు ఖైదులో ఉండి 1832లో పోయాడని మాకెవరికీ తెలియదు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది, ముత్తు మండపం అంటారు. ఆయన సింహాసనం ఇంగ్లండు పోయి 1934లో తిరిగొచ్చింది, ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. మర్నాడు కొలంబోలో ఖాళీ ఉంటే వెళ్ళి చూడండి.

గుడి ఎదురుగానే విష్ణు దేవాలయం, నాథ దేవాలయం, పత్తిని దేవాలయం ఉన్నాయి. పత్తిని అంటే తమిళుల కణ్ణగే. బౌద్ధ గుడి ముంగిట్లో విష్ణుమూర్తికి దండం పెట్టుకోవచ్చని అమ్మగారికి ముందే చెప్పండి, ప్రయాణం మీద ఇష్టం పెరుగుతుంది.

పన్నెండుకల్లా భోజనం చేసి ఒంటిగంట లోపల ఊళ్ళోంచి బయటపడండి. అక్కడ స్కూళ్ళు ఒకటిన్నరకి వదుల్తారు, ఆ ఇరుకు రోడ్లమీద వ్యాన్లన్నీ ఒకేసారి దిగితే కదలడం ఉండదు. ఆరు కిలోమీటర్ల దూరంలో, కొలంబో దారిలోనే పేరాదెనియ బొటానికల్ గార్డెన్. 147 ఎకరాలు, మహావేలి నది మూడువైపులా చుట్టి పోతుంది. అంతా తిరగాలనుకోకండి. తాటిజాతి చెట్ల బాట, ఆర్కిడ్ల ఇల్లు, కొమ్మలు గొడుగులా విశాలంగా పరుచుకున్న జావా మర్రి, 1901లో ఐదో జార్జి నాటిన నాగమల్లి చెట్టు చాలు. పెద్దవాళ్ళు బెంచీల మీద కూర్చోవచ్చు. మా నాన్న ఆ మర్రి కింద నిద్రపోయాడు కూడా. మూడున్నరకి బయలుదేరితే చీకటి పడేసరికి కొలంబో.

సాయంత్రం ఐదింటికి క్యాండీ నాట్యం, తర్వాత ఆరున్నర పూజ చూసి రమ్మని కొందరు చెప్తారు. కుర్రాళ్ళయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. అప్పుడు కొలంబో చేరేది రాత్రి పదకొండుకి, తెల్లారుజాము నుంచి బండి తోలిన డ్రైవర్‌తో, ఘాట్ రోడ్డులో. అది కావాలంటే ఒక రాత్రి అక్కడే ఉండటం మేలు.

పున్నమి రోజు మాత్రం పెట్టుకోకండి. పోయ అంటారు, దేశమంతా సెలవు, గుడి కిటకిట. పెరహర రోజుల్లోనూ రోడ్లు మూస్తారు. వానలు పడుతుంటే ముందురోజే డ్రైవర్‌కి ఫోన్ చేసి కడుగన్నావ రోడ్డు తెరిచి ఉందా అడగండి. కొండచరియలు విరిగిపడే చోటది, 2025 నవంబర్‌లో దిత్వా తుపానుకి ఆ వైపంతా బాగా దెబ్బతింది. ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, దాని రూల్స్ మారుతుంటాయి, టికెట్లు కొనేముందు ప్రభుత్వ సైట్‌లోనే చూడండి, ఏజెంట్ మాట కాదు. యూపీఐ 2024 నుంచి అక్కడ కొన్ని షాపుల్లో నడుస్తోంది గానీ డ్రైవర్‌కీ పూలకీ నోట్లే కావాలి.

అమ్మగారి తిండికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, కొబ్బరిపాల కూరలు, ఇడియాప్పం, అప్పం అన్నీ దొరుకుతాయి, కారం కూడా మనకి సరిపోయేంత ఉంటుంది. ఒక్కటే చూసుకోవాలి. పోల్ సంబోల్ అని కొబ్బరి పచ్చడి ఇస్తారు, చూడ్డానికి శుద్ధ శాకాహారమే. అందులో ఉంబలకడ అనే ఎండు చేపపొడి కలపడం మామూలు. పప్పులో, కూరల్లో కూడా వేస్తుంటారు. "వెజిటేరియన్" అంటే మాంసం లేదనుకుని సరే అనేస్తారు. "ఉంబలకడ వద్దు" అని ఆ మాటే చెప్పండి, వంటింట్లోకి కేకేసి కనుక్కుంటారు. మేము పెద్దమ్మకి ప్లేటు పెట్టించే ముందు ప్రతిచోటా అదే అడిగాం. పొద్దున కారులో తినడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరో, చపాతీలో ఉంటే మరీ మంచిది, ఐదింటికి హోటళ్ళలో టిఫిన్ తయారవదు.