మిడ్‌ఫీల్డర్‌గా బతకాలనుకునే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

క్లబ్బు ట్రయల్స్ (ఎంపిక ఆటలు) సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పదహారేళ్లు నిండాయి, జిల్లా ఫుట్‌బాల్ జట్టులో మధ్యలో ఆడుతున్నావు, ఇక ఇదే బతుకుతెరువు చేసుకుంటానంటున్నావట. వద్దనను. కాకపోతే మిడ్‌ఫీల్డర్ పని జనానికి కనబడేది కాదని ముందే తెలుసుకో. స్ట్రైకర్ గోల్ కొడితే పేపర్లో పేరొస్తుంది. నువ్వు బ్రహ్మాండంగా ఆడిన రోజున మాత్రం "ఇవాళ మనవాళ్లు బాగా ఆడారు" అంటారంతే, నీ పేరెత్తరు. నీ విలువ పట్టుకోగలిగేది కోచ్, కొత్త కుర్రాళ్లని వెతికే స్కౌట్. వాళ్ల కన్ను దేనిమీద ఉంటుందో, క్లబ్బులో చేరాక కుర్రాళ్లు ఎక్కడ దెబ్బతింటారో రాస్తున్నాను.

కాళ్ల సంగతి తర్వాత, ముందు మెడ. బంతి నీ దగ్గరికి రాకముందు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశావన్నదే నీ స్థాయి. గేర్ యోర్డెట్ అనే నార్వే పరిశోధకుడు ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు పెట్టుకుని ఇదే లెక్కగట్టాడు. బంతి అందుకునే ముందు ఎక్కువసార్లు తల తిప్పి చూసినవాళ్ల పాసులే ఎక్కువగా తమవాళ్లకి చేరాయి.

ఎప్పుడు చూడాలన్నది అసలు కిటుకు. మీ కుడి సెంటర్‌బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) దగ్గర బంతి ఉందనుకో, నువ్వు అతనికి 15 మీటర్ల ముందున్నావు. బంతి ఇంకా అతని వైపు వెళ్తుండగానే ఒక చూపు చూడు, ఆ కాస్సేపు ఎవరూ నీకు పాస్ ఇవ్వలేరు కాబట్టి బంతి మీద కన్ను తీసినా నష్టం లేదు. అతను బంతిని ఆపి తల ఎత్తే లోపు రెండోది. మూడోది అతని కాలినుంచి బంతి బయల్దేరాక. గట్టి పాస్ 15 మీటర్లు రావడానికి సెకను, మహా అయితే సెకనున్నర పడుతుంది. ఆ దారి మధ్యలో ఒక్క చూపు పడుతుంది, చివరి మూడో వంతులో కళ్లు మళ్లీ బంతిమీదే ఉండాలి. చాలామంది మొదటి రెండూ చూసి మూడోది వదిలేస్తారు. వెనకున్నవాడు మీద పడేది సరిగ్గా ఆ సెకనులోనే. ఇంకో తప్పు, చూడ్డం అలవాటైంది కదా అని ఊరికే తల ఊపడం. ఏం చూశావని కోచ్ అడిగితే చెప్పలేవు. చూసినప్పుడల్లా రెండే ప్రశ్నలు వేసుకో: నాకు దగ్గర్లో అవతలివాడు ఏ వైపున్నాడు, ఖాళీ ఎటుంది?

ఇంట్లో సాధన చెయ్యాలంటే గోడకి ఐదారు మీటర్ల దూరంలో నిలబడు. ఫ్రెండుని వెనకాల నిలబెట్టు. నువ్వు గోడకి కొట్టిన బంతి తిరిగొచ్చే లోపు వాడు వేళ్లు చూపించాలి, బంతి కాలికి తగలకముందే నువ్వు ఆ లెక్క పైకి చెప్పాలి. మూడేసి నిమిషాలు, నాలుగు విడతలు చాలు. తగిలాక చెప్పావంటే అది లెక్కలోకి రాదు.

ఇక బంతి అందుకోవడం. ఒళ్లు పూర్తిగా మీ గోల్ వైపు తిప్పి నిలబడితే నీకు వెనక్కి ఇవ్వడం తప్ప దారి ఉండదు. సగం తిరిగి నిలబడు, హాఫ్ టర్న్ అంటారే, అలా. నీకు కుడివైపు నుంచి పాస్ వస్తే ఎడమకాలితో అందుకో. దూరపు కాలన్నమాట. బంతి ఒంటి ముందునుంచి దాటి వెళ్లి ఆ కాలికి తగిలేసరికి నీ మొహం ఎదుటి గోల్ వైపు ఉంటుంది, మొదటి టచ్‌తోనే ముందుకి కదులుతావు. దగ్గరి కాలితో ఆపితే బంతి కాలికిందే చచ్చి పడుంటుంది, తిరగడానికి ఇంకో టచ్ కావాలి, ఆ లోపు వాడొచ్చేస్తాడు. అయితే వెనకవాడు వీపుకి అంటుకునే ఉంటే తిరక్కు. ఒక్క టచ్‌లో వచ్చినవాడికే ఇచ్చేసి, పక్కకి రెండడుగులు జరిగి మళ్లీ అడుగు. ఇది పిరికితనం కాదు, దీనికే జీతమిస్తారు.

ఎడమకాలితో ఆడ్డం రానివాడికి మధ్యలో చోటు లేదు. హైదరాబాద్ రహీం సాబ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనకి స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్, ఆ రోజుల్లోనే కుర్రాళ్లకి బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నెట్టుకుంటూ పోవడం) చెయ్యకూడదనే పోటీలు పెట్టించేవారు. ఖర్చులేని పద్ధతి. వారానికి ఒక పూట గల్లీ ఆట మొత్తం ఎడమకాలితో ఆడు, నవ్వేవాళ్లని నవ్వనీ.

పాస్ విషయంలో ఒకటే గుర్తుపెట్టుకో: నెమ్మది పాస్ తప్పు పాస్ కంటే ప్రమాదం. తప్పు పాస్ అవుట్‌కి పోతే పోయింది. నెమ్మది పాస్ నీ జతగాడి దగ్గరికి బంతితోపాటు దెబ్బ కొట్టేవాణ్ణి కూడా తీసుకెళ్తుంది. మధ్యలో అడ్డంగా, మీ గోల్‌కి సమాంతరంగా ఇచ్చే పాస్ ఇంకా జాగ్రత్త. అది తెగితే నువ్వూ, అందుకోవాల్సినవాడూ ఇద్దరూ ఒకేసారి ఆటలోంచి అవుట్, అవతలివాళ్లు నేరుగా మీ డిఫెండర్ల మీదకి పరిగెడతారు. అందుకే నీ జత మిడ్‌ఫీల్డర్ నీకు అదే గీత మీద ఉండకూడదు. ఒకడు కాస్త ముందు, ఒకడు కాస్త వెనక, మధ్యలో పది పన్నెండు మీటర్లు. సైడ్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) పైకి పరిగెడితే నువ్వు వెనకాగు. ఇద్దరూ పైకి పోయిన మ్యాచుల్లో తిన్న గోల్స్ వీడియో పెట్టుకుని చూడు, ఖాళీ ఎక్కడ పడిందో నీకే తెలుస్తుంది.

ఏ నంబర్‌లో ఆడాలన్నది ఇంకో మాట. కుర్రాళ్లందరికీ 10, అంటే స్ట్రైకర్ వెనకే ఉండి దాడి నడిపే చోటు కావాలి. మన ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఒక జట్టు తరఫున గ్రౌండ్‌లో ఒకేసారి నలుగురు విదేశీయులు ఉండొచ్చు, క్లబ్బులు ఆ చోట్లని ఎక్కువగా స్ట్రైకర్‌కి, 10కి, సెంటర్‌బ్యాక్‌కి వాడుకుంటాయి. మనవాళ్లకి మిగిలేది డిఫెండర్ల ముందు కాపలా కాసే 6, రెండు వైపులా పరిగెత్తే 8. జీక్సన్ సింగ్, అపుయా, సురేశ్ సింగ్ లాంటివాళ్లు నిలబడింది అక్కడే. 2017 అండర్-17 ప్రపంచకప్‌లో కొలంబియా మీద కార్నర్‌కి తలతో గోల్ కొట్టి, ఫిఫా ప్రపంచకప్ చరిత్రలో భారత్ తొలి గోల్ తన పేర రాయించుకున్న జీక్సన్ ఆడేది డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌లోనే. కాబట్టి 6 నేర్చుకో, 8కి పనికొచ్చేలా ఊపిరి పెంచుకో. అవసరమైతే సైడ్‌బ్యాక్‌గా ఇరవై నిమిషాలు నెట్టుకురాగలిగితే బెంచి మీద నీ చోటు ఖాయం.

ఊపిరి అన్నాను కదా. మధ్యలో ఆడేవాడు మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు, అదీ ఒకే వేగంతో కాదు. అందుకని రోజూ రోడ్డుమీద ఎనిమిది కిలోమీటర్లు జాగింగ్ చేస్తే లాభం తక్కువ, ముంగాలి ఎముక నొప్పి ఎక్కువ. నాలుగు నిమిషాలు గట్టిగా, గుండె వేగం గరిష్ఠంలో 90–95 శాతానికి చేరేలా, తర్వాత మూడు నిమిషాలు మెల్లగా. అలా నాలుగు సార్లు. వారానికి రెండు రోజులు, మ్యాచ్‌కి కనీసం మూడు రోజుల ముందు. ఎండాకాలం ఏడు గంటల లోపు ముగించెయ్. ట్రయల్స్‌లో యో-యో టెస్ట్ పెట్టే అవకాశం ఉంది: 20 మీటర్లు పోయి రావడం, 10 సెకన్ల విరామం, బీప్ వేగం పెరుగుతూ పోతుంది. లెవల్ 1లో 2,400 మీటర్ల దగ్గర పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు ఉంటారు. మొదటిసారి పరిగెత్తేవాళ్లు తిరిగే చోట గుండ్రంగా వంపు తీసుకుని మీటర్లు పారేసుకుంటారు. గీత మీద ఒక కాలు వేసి, నడుం వంచి, అక్కడికక్కడే తిరుగు.

గాయాలకి ఫిఫా 11 ప్లస్ వార్మప్ ఉంది, 20 నిమిషాలు, బంతి, కోన్‌లు తప్ప ఏమీ అక్కర్లేదు. వారానికి రెండుసార్లయినా క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయి. తొడ వెనక కండరానికి అందులో నార్డిక్ అనే వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద నిలబడి, జతగాడు మడమలు పట్టుకుంటే, ఒళ్లు వంచకుండా మెల్లగా ముందుకి వాలడం. మొదటి వారం ఐదుకంటే ఎక్కువ చెయ్యకు, మర్నాడు మెట్లు దిగలేవు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద గడ్డలా వచ్చి నొప్పెడితే నొప్పి బిళ్ల వేసుకుని ఆడకు, ఫిజియోకి చూపించు. దాక్కుని ఆడినవాడికి రెండు వారాల నొప్పి రెండు నెలలవుతుంది.

తిండి గురించి మీ అమ్మకి కూడా చదివి వినిపించు. మ్యాచ్ ముందురోజు కిలో బరువుకి ఆరు నుంచి ఎనిమిది గ్రాముల పిండిపదార్థం కావాలి. నీ 60 కిలోలకి 360 నుంచి 480 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో ఉండేది 28 దాకా, అంటే నువ్వనుకునేదానికన్నా ఎక్కువ అన్నం తినాలి, రొట్టెలు, అరటిపళ్లు వేరే. మ్యాచ్ రోజు మూడు గంటల ముందు ఇడ్లీ, చట్నీ తక్కువ. పూరీ, బిర్యానీ మ్యాచ్ అయ్యాకే. నూనె కడుపులోంచి అంత తొందరగా కదలదు, రెండో సగంలో పక్కటెముకల కింద పట్టేస్తుంది.

బూట్ల సంగతి ఒక్క ముక్క. మన గట్టినేల గ్రౌండ్లకి అడుగున పొడుగు స్టడ్స్ (మేకుల్లాంటి బుడిపెలు) ఉన్నవి వేస్తే పాదం అడుగు మంట, చీలమండ బెణుకు. కృత్రిమ టర్ఫ్‌కి పొట్టి రబ్బరు స్టడ్స్. రెండు జతలు తీసుకెళ్లు, కొత్తవి ట్రయల్ రోజున మొదటిసారి వెయ్యకు. షిన్‌గార్డ్స్ లేకపోతే రిఫరీ లోపలికి రానివ్వడు.

ట్రయల్స్‌లో నీకు దొరికేది ఇరవై నిమిషాలు, తెలియని పదిమందితో. అందరూ డ్రిబ్లింగ్ చేసి చూపించాలనుకుంటారు, కాబట్టి బంతి నీ దగ్గరికి రాదు. అరిచి అడుగు. జతగాడికి "వెనకున్నాడు", "తిరుగు", "టైముంది" అని చెబుతూ ఉండు. సెలెక్టర్ చెవికి కూడా అది వినబడుతుంది. బంతి పోగానే ఐదు సెకన్లు వెంటపడు. పోగొట్టుకుని చేతులు నడుం మీద పెట్టుకున్నవాడి పేరు అక్కడే కొట్టేస్తారు.

కాగితాల దగ్గర తొందరపడకు. వయసు తగ్గించి రాయిస్తామని ఎవరన్నా అంటే ఆ గడప తొక్కకు. అసలు వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ పరీక్షలున్నాయి, దొరికితే నిషేధం. జనన ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి మెమో, ఈ మూడింట్లో పేరు, తేదీ ఒకేలా ఉన్నాయో చూసుకో, ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్‌లో అక్షరం తేడాతో నెలలు పోతాయి. ట్రయల్‌కి డబ్బు కట్టమనేవాడు, యూరప్ తీసుకెళ్తాననేవాడు ఏజెంట్ కాదు, దళారి. పద్దెనిమిది నిండకుండా దేశం దాటి బదిలీ కావడానికి ఫిఫా కొద్ది మినహాయింపులు తప్ప ఒప్పుకోదు. నిజమైన ఏజెంట్‌కి ఫిఫా లైసెన్స్ ఉంటుంది, నీతో రెండేళ్లకి మించి ఒప్పందం రాయించుకోకూడదు. మైనర్‌కి క్లబ్ ఒప్పందం మూడేళ్లు దాటకూడదు. వైద్య పరీక్ష పాసైతేనే ఒప్పందం చెల్లుతుందని రాస్తే ఆ షరతు నిలవదు, కాబట్టి పరీక్షలన్నీ సంతకానికి ముందే చెయ్యమను. రెండు నెలల జీతం ఎగ్గొడితే, కనీసం 15 రోజుల గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసిచ్చాకే బయటికి రావచ్చు. నోటిమాటతో వదిలేసి వస్తే తప్పు నీదవుతుంది.

క్లబ్ శాశ్వతం అనుకోకు. 2021-22లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీ పోయింది. కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడిన మన హైదరాబాదీ మొహమ్మద్ హబీబ్ భాయ్ ఫుట్‌బాలే ఉద్యోగంగా బతికారు, నిజమే. అయితే అందరికీ ఆ గుండె, ఆ ఆట ఉండవు. నువ్వు ఇంటర్ ఆపకు, డిగ్రీ దూరవిద్యలోనైనా కట్టు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి మార్కుల మెమోలూ, ఆటల సర్టిఫికెట్లూ రెండూ అడుగుతారు. అవి ఒక ఫైల్లో పెట్టి మీ నాన్న చేతికియ్యి.

ఈ ఆదివారం ఆడే మ్యాచ్ ఎవరిచేతనన్నా ఫోన్లో తీయించు, బంతిని కాదు, నిన్నే, పూర్తి 90 నిమిషాలు, కొంచెం ఎత్తునుంచి. చూసి ఎక్కడ మెడ తిప్పలేదో నిమిషాలు రాసి పంపుతాను. క్లబ్బువాళ్లు ఏ కాగితం ఇచ్చినా సంతకానికి ముందు ప్రతి పేజీ ఫొటో తీసి పంపు, వెనకవైపు కూడా.

ఇట్లు
మామయ్య